రోలుకు వాటర్ సర్వీసింగ్

అన్నంలో రాయి వస్తే ఏం చేస్తాం? తీసి పళ్లెం పక్కన పెట్టి, వండినవాళ్లను ఒక మాట అనేసి, మళ్లీ తింటాం. అదే రాళ్లలో అక్కడక్కడ కొత్తిమీర తగిలితే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఆదోనిలో పత్తి మార్కెట్ దారిన పోయే ఎవరినైనా అడగండి. నా పేరు మాత్రం ఎత్తకండి. ఎత్తితే జవాబు చెప్పరు, దవడ పట్టుకుని చూపిస్తారు.

అవును, ఒక వీధి వీధికంతా రాయి తినిపించిన ఘనుణ్ణి నేనే. తినిపించింది పగవాళ్లకు కూడా కాదు. మా అక్క అంగడి పెట్టిన మొట్టమొదటి పొద్దున, ఆమె గిరాకీకి. ఎప్పుడు తలుచుకున్నా నా మీద నాకే ఒళ్లు మండుతుంది. మీరు నవ్వుకోండి, పర్వాలేదు. పళ్లు మిగిలినవాళ్లు నవ్వొచ్చు.

మా అక్క నర్సమ్మ, బావ ఉరుకుందు. ఆస్పరి దగ్గర వాళ్లకు వానను నమ్ముకున్న చేను కొంచెం ఉంది. వాన ఎగ్గొట్టిన ఏడల్లా సుగ్గికి పోవాల్సిందే. సుగ్గి అంటే పండగ అనుకునేరు. ఇంటికి తాళం వేసి, చెంబూ చాపా మూటగట్టి, మేస్త్రి తెచ్చిన బండెక్కి, గుంటూరు వైపు మిరపచేలల్లో కాయలు కోయడానికి పోవడం. అక్కడ టార్పాలిన్ కింద నెలల తరబడి బతకడం. తిరిగొచ్చాక కూడా చాలా రోజులు అన్నం కలుపుకుంటుంటే వేళ్లు మండి అక్క కళ్లలో నీళ్లు తిరిగేవి. అది చూస్తే నాకు ముద్ద దిగేది కాదు.

ఆ ఏడు అక్క తెగించింది.

"ఇంగ నేను సుగ్గికి పోను. ఆదోనిలో ఉగ్గాని అంగడి పెడ్తా," అంది.

నానబెట్టిన బొరుగులకు, అంటే మరమరాలకు, తిరగమాత పెట్టి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇచ్చే ఉగ్గాని కడుపులో పడనిదే మా వైపు ఎవరికీ తెల్లవారదు. కానీ ఉగ్గాని అంగళ్లు ఆదోనిలో అడుగుకొకటి. ఇంకొకటి ఎందుకు నిలబడుతుందీ అంటే, అక్క చేసే కొత్తిమీర పచ్చడి వల్ల. పచ్చి కొత్తిమీర, పచ్చిమిరపకాయలు, వేయించిన బుడ్డలు (మీ భాషలో వేరుశనగలు), కాస్త చింతపండు, రెండు తెల్లగడ్డ పాయలు. అందరూ వేసేవే. అక్క చేస్తే మాత్రం అలిగి వెళ్లిపోయిన చుట్టాలు కూడా వాసనకు వెనక్కి వచ్చేవాళ్లు.

సుగ్గి బండి నడిపే హనుమంతు మేస్త్రికి ఈ సంగతి తెలిసి ఇంటికొచ్చాడు. మంచివాడే, కానీ మనుషులు తగ్గితే ఆయనకు పని గడవదు.

"సరే తల్లీ, అంగడి పెట్టుకో. నువ్వు అంగడి తెరిచే దినమే మధ్యాన్నం నా బండి పోతాది. గిరాకీ ఉంటే ఉండు. లేకుంటే గమ్మున ఎక్కు. మీ ఇద్దరికీ సోటు ఆపి పెడ్తా," అన్నాడు.

అంటే, ఒక్క పొద్దున గడిస్తే అక్క ఆదోనిలో ఉంటుంది. గడవకపోతే మిరపచేలో ఉంటుంది. మధ్యలో ఉన్నది పచ్చడి. ఆ పచ్చడి మధ్యలోకి దూరింది నేను.

నా గురించి కూడా చెప్పాలి కదా. పేరు సుంకన్న. ఎమ్మిగనూరులో సెల్‌ఫోన్ల అంగట్లో పని. ఫోన్ల అద్దాలకు పొర అంటించడం తప్ప నాకు వచ్చిన విద్య లేదు. కానీ పొద్దంతా ఫోన్లో వీడియోలు చూసేవాణ్ణి కాబట్టి లోకంలో ప్రతి వ్యాపారమూ నాకు తెలుసని గట్టి నమ్మకం. చేతకానమ్మకు చేష్టలెక్కువ అంటారు. ఆమెకు తమ్ముడు కూడా ఉంటాడనీ, వాడికి సలహాలెక్కువనీ పెద్దలు చెప్పడం మరిచిపోయారు.

"అక్కా, మిక్సీ పచ్చడి ఈ కాలంలో ఎవురు తింటారు? రోటి పచ్చడంటే జనాలు పడి సస్తాండారు," అన్నాను.

"రోలుండాది గానీ గాట్లు అరిగిపోయినాయిరా. కొత్తిమిరి ఏస్తే నలగదు, జారుతాది."

"గాట్లు కొట్టిద్దాం!"

వీధుల్లో ఉలీ సుత్తీ పట్టుకుని తిరిగేవాళ్లను పిలిచి, నున్నబడిన రోలుకూ దాంట్లో తిరిగే రాతి గుండుకూ కొత్తగా గాట్లు కొట్టించాం. ఆ ఉత్సాహంలో నేను ఎమ్మిగనూరులో ఫ్లెక్సీ కూడా వేయించేశాను. ఇంత లావు అక్షరాలతో 'అచ్చమైన రోటి కొత్తిమీర పచ్చడి'. ఫ్లెక్సీ విప్పి చూపిస్తే అక్క మురిసిపోతుందనుకున్నాను.

"ఎవురు ఏపిచ్చమన్నారు నిన్ను? ఇది కొత్తగా గాట్లు పడిన రోలు. ముందు దీనికి తవుడు తినిపియ్యాల. తవుడు పోసి రుబ్బాల, పారెయ్యాల. మల్ల నూకలు రుబ్బాల, పారెయ్యాల. ఆ పిండి నాలిక మీద ఏసుకుంటే కరకర అనకూడదు. అట్ల అయ్యేదాకా వారమో పది దినాలో పడ్తాది. అంతవరకు మిక్సీలోనే."

"వారమా! మల్ల ఫ్లెక్సీ?"

"దాన్నీ రుబ్బుకో," అంది అక్క.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. నాకు తెలియక చేశాననడానికి వీల్లేదు. కొత్త రోలుకు తవుడు తినిపించాలని మా ఇళ్లలో నడక రాని పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసి కూడా, ఇన్ని వందల ఏళ్లుగా ఇంతమంది ఆడవాళ్లకు తట్టని ఉపాయం నాకు తట్టింది చూడండి, దాన్ని ఏమనాలో ఇప్పటికీ తెలియడం లేదు.

ఆ రోజు అక్క దగ్గర్నుంచి తిరిగిపోతుంటే దారిలో ఒక వాటర్ సర్వీసింగ్ దగ్గర ట్రాక్టర్ ట్రాలీని కడుగుతున్నారు. గొట్టం గురిపెట్టగానే గట్టిపడిన నల్లరేగడి పెళ్లలు పెళ్లలుగా ఊడిపడుతోంది. నా బుర్రలో దీపం వెలిగింది. రేగడే ఊడిపోతుంటే రాతిపొడి ఒక లెక్కా? మర్నాడు, అక్కాబావలు సంతకు పోయినప్పుడు, వీధిలో ఇద్దరిని సాయం పట్టి రోలును ఆటోకెక్కించి అక్కడికి తీసుకుపోయాను.

సర్వీసింగ్ చేసే అతను గొట్టం పట్టుకుని వచ్చాడు.

"ఏం బండన్నా?"

"బండి కాదు. రోలు."

అతను రోలును చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ రోలును చూశాడు.

"స్టార్టింగ్ ట్రబులా?"

"ఎగతాళి వద్దప్పా. నీళ్లు గట్టిగ కొట్టు సాలు."

"మామూలు వాషా, ఫోమ్ వాషా?"

రోలు పరువు పోకూడదని ఫోమ్ వాషే అన్నాను. దాన్ని నిండా నురగతో ముంచాడు. నీళ్లు కొట్టాడు. తిప్పి కొట్టాడు. గుండును విడిగా కడిగాడు. చివరికి గుడ్డతో తుడిచి, "పాలిష్ పట్టిచ్చేదా?" అన్నాడు. వద్దన్నాను. ఆ మొత్తం వ్యవహారంలో నాకు బుద్ధి పనిచేసింది ఆ ఒక్క చోటే.

లోపల చేయి పెట్టి చూస్తే పొడి అన్నది లేదు. నన్ను నేనే మెచ్చుకుని, అక్కాబావలు తిరిగొచ్చేలోగా రోలును తెచ్చి ఎప్పటి చోటే పెట్టేశాను. గాట్ల అంచుల్లో రాతి పెచ్చులు ఊడీ ఊడకుండా వేలాడుతుంటాయనీ, గుండు తిరిగితే కానీ అవి రాలవనీ నాకు తెలిసేసరికి పళ్లు నావి కావు, జనాలవి పోయాయి.

అంగడి తెరిచే రోజు శనివారం పడింది. ముందు అంగడి, దాని వెనకే అక్కవాళ్లు దిగిన అద్దెగది. అక్క పొయ్యి దగ్గర బజ్జీల పిండి కలుపుతూ, కడిగిన కొత్తిమీర బుట్ట నా చేతికిచ్చి, "మిక్సీలో తిప్పుకోని బిన్నా రా, పొద్దెక్కుతాంది," అంది. నేను గదిలోకి పోయి, ఖాళీ మిక్సీని రెండు మార్లు గర్రుమనిపించి, రోలు ముందు కూర్చున్నాను. రుబ్బుతుంటే కర్రుకర్రుమని చప్పుడు వచ్చింది. బుడ్డలు నలుగుతున్నాయి కదా అనుకున్నాను.

రుచి చూడలేదా అని మీరు అడుగుతారు. నాకు శనివారం ఒక్కపొద్దు. సాయంత్రం దాకా మెతుకు ముట్టను. కొత్త అంగట్లో దేవుడికి పెట్టకముందు ఎంగిలి చేయకూడదని అక్క కూడా నాలుకకు తగలనీయలేదు. కాబట్టి మొదట తిన్నది పటంలోని దేవుడు. ఆయన పైకి ఏమీ అనలేదు.

తర్వాత వచ్చినవాళ్లు మార్కెట్ హమాలీలు. వాళ్లలో పెద్దవాడు ఈరన్న. పత్తి బోరాలు మోసిన భుజం, ఎర్ర తువ్వాలు. బొరుగులు పచ్చడిలో బాగా అద్ది నోట్లో పెట్టుకుని నమిలాడు. నమలడం ఆపాడు. పక్కవాణ్ణి చూశాడు. వాడూ ఆపి ఉన్నాడు.

"అమ్మా, బొరుగులు నానినట్ల లేవే," అన్నాడు మర్యాదగా.

అక్కకు పౌరుషం వచ్చింది. "మెత్తగుండాయి గదన్నా, పట్టుకోని సూడు!"

బావ కంగారుపడి బొరుగుల గంగాళంలో ఇంకో చెంబు నీళ్లు పోశాడు. ఆ ఉగ్గాని కాస్తా గంజి అయింది. అయినా కరకర పోలేదు. గంజి కరకరలాడితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

"బొరుగులు గాదు, బుడ్డల్లో మట్టిగడ్డలు పడినాయి," అన్నాడు ఇంకొకడు.

బావ మిగిలిన బుడ్డలన్నీ చాటలో పోసి నడివీధిలో చెరగడం మొదలుపెట్టాడు. ఒక్క గడ్డ దొరకలేదు. ఈలోగా దారిన పోయేవాళ్లంతా ఆగి తలా ఒక ముద్ద తిని తలా ఒక కారణం చెబుతున్నారు. ఒకడు ఉప్పంటాడు, ఒకడు చింతపండులో గింజలంటాడు. పిలవని పేరంటానికి ఇంతమంది ఎక్కణ్ణుంచి వస్తారో! తిన్నది ఊసేసి పోకుండా, ఇంకొంచెం వేయించుకుని మరీ ఆలోచిస్తున్నారు.

చివరికి ఈరన్న తేల్చేశాడు. "కొత్తిమిరి కడగలేదు. అది ఇసకే."

అక్క నా వైపు తిరిగింది. "ఒరే సుంకా! మళ్లా ఒకతూరి కడిగి మిక్సీలో ఏసినావా లేదా?"

"కడిగినాక్కా, దేవుని తోడు!"

"మల్ల కడుగు. కొత్తగా తిప్పుకోని రా. పో!"

అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. మిక్సీ పక్కనే ఉంది, కరెంటు ఉంది, నాకు రెండు చేతులూ ఉన్నాయి. కానీ సర్వీసింగ్ మీద నాకున్న నమ్మకం అలాంటిది. తప్పు కొత్తిమీరదే అని నేనూ నమ్మేశాను. కొత్త కట్టలు తీసి, ఆకు ఆకునూ కడిగి, నేరుగా మళ్లీ రోలు దగ్గరికే పోయాను. ఎక్కడైనా ఇసక మిగిలినా నలిగిపోవాలని ఈసారి బలమంతా పెట్టి, రెట్టింపు సేపు తిప్పాను. తిప్పేకొద్దీ రాలుతుందన్న సంగతి మీకు తెలిసిపోయింది, నాకే తెలియలేదు.

ఆ రెండో వాయి అంగట్లోకి పోయేసరికి మేస్త్రి దిగాడు. మలుపులో బండి ఆగి ఉంది. అందులో మా ఊరివాళ్లు మూటల మీద కూర్చుని తొంగి చూస్తున్నారు. అంగడి ముందు జనం మూగి ఉండడం చూసి మేస్త్రి నిజంగానే సంతోషించాడు.

"ఏం తల్లీ, గిరాకీ బో ఉండాదే! ఇంగ మా బండెందుకెక్కుతావులే. నాకూ ఒగ ప్లేటు పెట్టు. పచ్చడి ఎక్కువెయ్యి."

ఈరన్న ఏదో చెప్పబోయాడు. అప్పటికే ఆలస్యమైంది. మేస్త్రి వేడి బజ్జీని పచ్చడిలో ముంచి, ముందు పళ్లతో గట్టిగా కొరికాడు.

టక్.

అందరికీ వినబడింది. మేస్త్రి నోట్లో వేలు పెట్టి తెల్లటి దాన్ని బయటికి తీసి, అరచేతిలో పెట్టుకుని ఈరన్నకు చూపించాడు.

"ఇంత లావు రాయాప్పా?"

ఈరన్న వంగి చూశాడు. "రాయి గాదన్నా. నీదే."

ఆ పన్ను ఎప్పటినుంచో కదులుతున్నదేనని బావ తర్వాత నన్ను ఎన్నిసార్లు ఓదార్చాడో! కానీ ఆ క్షణంలో మేస్త్రికి ఆ వివరం పట్టలేదు. కొత్తగా వచ్చిన సందులోంచి గాలి పోతుంటే, "మీ ఇంటోళ్లను ఇంగ నా బండెక్కిచ్చుకుంటే సెప్పుతో కొట్టు!" అని అరిచి, పన్ను జేబులో వేసుకుని పోయాడు. బండి కదిలింది. ఊరివాళ్లు వెనక్కి తిరిగి అక్కనే చూస్తూ పోయారు.

అక్క చేతిలో గరిటె అలాగే ఉంది. పచ్చడి పోయింది, గిరాకీ పోయింది, పోనీ వద్దనుకున్న సుగ్గి అయినా ఉందిలే అనుకోవడానికి అదీ పోయింది. రోట్లో తలపెట్టి రోకటి పోటుకు వెరవకూడదంటారు. తల పెట్టినవాడికి ఆ మాట సరిపోతుంది. నేను పెట్టింది అక్క బతుకు. భూమి చీలితే దూరిపోదామనిపించింది.

అప్పుడు అక్క మొదటిసారి వేలితో పచ్చడి తీసి నాలుక మీద వేసుకుంది. ఒక్క క్షణం.

"సుంకా. రోలు ముట్టినావా?"

"...కడిగినాక్కా ముందే. బాగ కడిగిచ్చినా."

"యాడ?"

చెప్పకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను.

"వాటర్ సర్వీసింగ్ కాడ."

బావ చాట కింద పెట్టి, ఎంతో శాంతంగా అడిగాడు. "ఆయిలు గూడా మార్పిచ్చినావారా?"

"గాలి పట్టిచ్చినావా?" అన్నాడు ఈరన్న.

అంతే. హమాలీలంతా దవడలు పట్టుకుని నవ్వారు. నొప్పికి నవ్వలేక, నవ్వుకు నొప్పి పెట్టి, ఒకరి మీద ఒకరు పడ్డారు. అక్క మాత్రం నవ్వలేదు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు కూడా.

"బయటికి ఈడ్సుకోని రా దాన్ని," అంది.

రోలును అంగడి ముందుకు, నడి ఎండలోకి ఈడ్చాం. అక్క తవుడు తెచ్చి అందులో పోసింది. జనం వైపు తిరిగి, "తప్పైపోయిందన్నా. నోరు పుక్కిలించండి. రోలు సాఫయ్యేదాకా నా అంగట్లో పచ్చడి లేదు, ఉత్త ఉగ్గాని బజ్జీనే. ఎప్పుడు సాఫైతాదో నేను సెప్పను. రాయి తిన్నోళ్లు మీరు, మీరే సెప్పాల," అంది. నా వైపు తిరిగి ఒకే మాట అంది. "రుబ్బు."

రుబ్బాను. ఎమ్మిగనూరులో సెలవు పెట్టి మరీ రుబ్బాను. అరచేతులు బొబ్బలెక్కాయి. మర్నాడు పొద్దున ఎవరూ రారనుకున్నాం. ఈరన్న వచ్చాడు. ఉగ్గాని తిని, రోలు దగ్గరికొచ్చి, తవుడు చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకున్నాడు.

"ఉండాది ఇంకా," అని పనికి పోయాడు.

ఆ మర్నాడు నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. ఒకడు ఇంట్లోంచి నూకలు తెచ్చాడు. ఒకడు రాళ్లుప్పు వేసి రుబ్బమన్నాడు. ఎవడి సలహా వాడిది, ఎవడి చిటికెడు వాడిది. "తగ్గినట్లుండాది." "యాడ తగ్గింది, నీ నాలిక మొద్దు!" "నువ్వే సూడు మల్ల!" రోలు సంగతి తేలే వరకూ వాళ్లకు వేరే అంగడి తలపుకే రాలేదు. పొద్దున్నే ఇక్కడికే వచ్చి తిని, వాదులాడి, నన్ను నాలుగు తిట్టి పోయేవాళ్లు. మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతులు కూడా, "సర్వీసింగ్ సేపిచ్చిన రోలు ఇదేనా అప్పా?" అని చూడ్డానికి వచ్చి, వచ్చినందుకు ఒక ప్లేటు తిని పోయేవాళ్లు.

ఒకరోజు ఈరన్న చిటికెడు వేసుకుని చాలాసేపు కళ్లు తెరవలేదు.

"లేదు," అన్నాడు చివరికి. "రాయి లేదు తల్లీ. ఇంగ నూరు."

అక్క నన్ను లేపి తనే రోలు ముందు కూర్చుంది. పచ్చటి పచ్చడి ఆకులో పడగానే ఆ వాసనకు అందరూ ముందుకు వంగారు. ఈరన్న మొదట భయపడుతూ కొంచెం నాకి, తర్వాత ఆకు ఖాళీ చేసి, మళ్లీ ముందుకు చాచాడు. అప్పుడు ఏడ్చింది అక్క. నేనూ ఏడ్చాను. పచ్చిమిరపకాయల ఘాటు అని అందరికీ చెప్పాను, ఎవరూ నమ్మలేదు.

అంగడి నిలబడింది. నా ఫ్లెక్సీ వంక ఎవరూ చూడరు. ఆటోవాళ్లు "రాళ్లంగడి కాడ దిగేటోళ్లు దిగండి" అని కేకేస్తారు. అక్క ఇక సుగ్గి ముఖం చూడలేదు.

పోయిన దీపావళి దాటాక మేస్త్రి బండి మళ్లీ అంగడి ముందు ఆగింది. మేస్త్రి దిగి, రోలు వైపు ఒకసారి అనుమానంగా చూసి, ఉగ్గాని కట్టించుకున్నాడు. నోట్లో కొత్త పన్ను తళతళమంటోంది.

"మనుసులు తక్కువైనారమ్మా ఈ తూరి. మీరెట్లాగూ రారు," అన్నాడు దిగులుగా.

"మేం రాం గానీ అన్నా, మా తమ్మున్ని తోడుకోని పో. పన్లేకుండా ఈడ్నే సలహాలిస్తాండాడు," అంది అక్క.

మేస్త్రి నన్ను ఎగాదిగా చూశాడు. చేయి దానంతటదే దవడ మీదికి పోయింది.

"వీడా! వద్దు తల్లీ. వీడొస్తే కోసిన మిరపకాయలకు గూడా వాటర్ సర్వీసింగ్ సేపిస్తాడు," అని పొట్లం పట్టుకుని పరుగులాంటి నడకతో బండెక్కాడు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఆదోని కొండల సాక్షిగా, పటంలో నోరు మెదపని ఆ దేవుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చక్రాలు లేని వస్తువును ఇక జన్మలో సర్వీసింగ్‌కు తీసుకుపోను. ఒక్కపొద్దు రోజున వంట వైపు తిరిగి కూడా చూడను. అక్క 'రుబ్బు' అంటే రుబ్బుతాను, 'లెయ్' అంటే లేస్తాను, ఆ రెంటికీ మధ్య నోరెత్తి ఒక్క సలహా ఇవ్వను.